సామర్లకోట తోటలోని వైద్యుడు – విలియం రాక్స్‌బర్గు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, కవినో దేశభక్తునో ఎన్నుకొందునని వారు తలచియుందురు. అట్టివారి జీవితములు మన బీరువాలలో కావలసినన్ని కలవు. నేను కొన్ని యేండ్లు పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పినవాడను. వేరు నీటిని పీల్చును, కాండము పైకి మోయును, ఆకు ఆహారము వండును, పువ్వు కాయగును, విత్తు వంశమును నిలుపును అని ఏటేట వల్లె వేయించితిని. ఒకనాడు ఒక బాలుడు లేచి, మన చెట్లను ఇట్లు విప్పి చూచినవారు మొదట ఎవరండీ అని అడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ ప్రశ్న వెంట పోగా నాకు దొరకిన మనిషి డాక్టరు విలియం రాక్స్‌బర్గు.

ఆయన మన దేశీయుడు కాడు. స్కాట్లండు దేశమున, అయిర్‌షైరు మండలములోని క్రెయిగీ అను గ్రామసీమలో 1751వ సంవత్సరమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ రోజులలో వైద్యునికి మొక్కల పరిచయము తప్పనిసరి, ఏలయనగా మందులలో అధికభాగము వేళ్ళు, బెరడులు, ఆకులు, గింజలే. అచ్చట జాన్ హోప్ అను ఆచార్యుడు మొక్కలను పుస్తకములో కాక తోటలో చూపి బోధించెడివాడు. ఆ శిక్షణయే రాక్స్‌బర్గు జీవితమునకు పునాదియైనది. కొంతకాలము ఓడలలో వైద్యసహాయకుడుగా తిరిగి, 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున మదరాసు ఆసుపత్రిలో సహాయ వైద్యుడుగా చేరెను.

మదరాసులో ఆయన చేసిన మొదటి పని మొక్కలది కాదు, వాతావరణముది. కోటలో దినదినమును వేడిమిని, గాలిబరువును, వానను కొలిచి వ్రాసిపెట్టెను. ఆ దినచర్యలు లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయ్యెను. వాన ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు రాదో గమనించు ఈ అలవాటు తరువాతి కాలమున ఆయనను కరవు రోజులలో మొక్కలవైపు మరియొక కన్నుతో చూచునట్లు చేసినది.

మదరాసు రాజధానిలో ఆ కాలమున యోహాన్ గెరార్డ్ కోనిగ్ అను పండితుడుండెను. స్వీడను దేశపు లినేయసుకు ఆయన సాక్షాత్తు శిష్యుడు. ప్రపంచమందలి మొక్కల కన్నిటికిని రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని, పువ్వులోని కేసరముల సంఖ్యను బట్టి వాటిని తరగతులుగా విభజించు పద్ధతిని నెలకొల్పినవాడు ఆ లినేయసే. కోనిగ్ సాంగత్యమున రాక్స్‌బర్గునకు ఈ విద్య పట్టువడెను. 1785లో కోనిగ్ కాకినాడ దగ్గర జగన్నాథపురమున వ్యాధిగ్రస్తుడై మరణించినప్పుడు, చివరి దినములలో వైద్యము చేసినవాడు రాక్స్‌బర్గే.

అప్పటికి ఆయన తెలుగుసీమకు వచ్చి నాలుగేండ్లయినది. 1781లో కంపెనీవారు ఆయనను గోదావరి మండలములోని సామర్లకోటకు వైద్యునిగా పంపిరి. పటాలమునకు వైద్యము చేయుట ఉద్యోగము. మిగిలిన పొద్దంతయు మొక్కలదే. అచ్చట ఒక తోట వేసెను. మిరియము, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ మొదలగు వానిని ఈ నేల పెంచునా అని పరీక్షించెను. మిరియము విషయమున కంపెనీవారు పెట్టుకొన్న పెద్ద ఆశలు నెరవేరలేదు. తోటలో పెంచిన మొక్కలకంటె తోట వెలుపల తనంతట మొలచిన మొక్కలవలననే ఆయన పేరు నిలిచినది.

ఇచ్చట నేను కొంత నిలువవలెను, ఏలయనగా ఆ మొక్కలలో ఒకటి మనది. చిరివేరు తడ చుట్టుప్రక్కల, ప్రళయకావేరి అని మనవారు పిలుచు పులికాటు సరస్సు ఒడ్డున, ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క. పైన జానెడు కూడ ఉండదు. గడ్డిపోచలవంటి సన్నని ఆకులు, నలుసంత తెల్లని పువ్వులు. బాటసారి దానిని చూడనైన చూడడు. దాని సంపద అంతయు నేల క్రింద నున్నది. ఇసుకలో నీరు పైన నిలువదు కనుక వేరు దానిని వెదకుచు నిట్టనిలువుగా దిగిపోవును. వేరు చివర కంటికి ఆనని సన్నని నూగు కలదు. ఆ నూగే నీటిని, నీటిలో కరిగిన లవణములను పీల్చును. ఇది ప్రతి వేరును చేయు పని. చిరివేరు అంతకుమించి మరియొక పనియు చేయును. తన పై తొక్కలో ఒక రంగుద్రవ్యమును కూర్చుకొనును. నేలలోని బూజులనుండి, పురుగులనుండి తన్ను కాచుకొనుటకు మొక్కలు ఇట్టి ద్రవ్యములను దాచుకొనునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనుష్యుడు ఆ రంగును బట్టలకు ఎక్కించుకొనెను.

1613లో డచ్చివారు పులికాటులో కోట కట్టి కూర్చుండుటకు, తూర్పుననున్న ద్వీపములకు ఓడలనిండ ఎర్రని అద్దకపు బట్టలు పంపుటకు, ఈ తీరపు చిరివేరే ఒక ముఖ్యకారణము. మన శ్రీకాళహస్తి కలంకారీకిని పూర్వము ఎరుపు దీనివలననే వచ్చెడిది. బట్టను కరక్కాయ కషాయములోను పాలలోను నానవేసి, ఎరుపు కావలసిన చోటులందు మాత్రమే పటికనీరు అద్ది, పిదప చిరివేరు నీటిలో కాచినయెడల, పటిక తగిలిన తావుననే రంగు పట్టును. తక్కిన భాగము ఉతుకులో తేలిపోవును. రాక్స్‌బర్గు ఈ అద్దకమును శ్రద్ధగా విచారించి వ్రాసెను. రంగు వేరులోని గట్టి నారలో లేదనియు, పై తొక్కలోనే కలదనియు, సేద్యము చేసి పెంచిన వేరుకంటె తనంతట మొలచిన వేరు పొట్టిదైనను రంగున మేలైనదనియు ఆయన వ్రాసిన సంగతులు ఆయన కనిపెట్టినవి కావు. వేళ్ళు త్రవ్వువారు, రంగులు కాచువారు తరతరములుగా ఎరిగినవే. ఆయన గొప్పదనము అడిగి తెలిసికొనుటలోను, తెలిసికొన్నదానిని మొక్కను విప్పి సరిచూచుటలోను ఉన్నది. దొరతనము చేయ వచ్చినవారిలో అడుగు అలవాటున్నవారు తక్కువ.

ఇట్లు ఆరేండ్లు కూడబెట్టిన దంతయు ఒక్క గాలివానలో పోయినది. 1787 మే మాసమున కోరంగి తీరమున పెనుతుపాను వచ్చి, సముద్రము ఊళ్ళమీద పడెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గు పుస్తకములు, కాగితముల నడుమ ఒత్తి ఎండబెట్టిన మొక్కలు, వ్రాసికొన్న వ్రాతలు అన్నియు నీటిపాలయ్యెను. సముద్రపు ఒడ్డున బ్రతుకు మనకు తుపాను కొత్త కాదు, ఇల్లు పోయినవాడు మరల కట్టుకొనుటయు కొత్త కాదు. కాని ఎండుమొక్కల సంచయము ఇల్లువంటిది కాదు. ప్రతి మొక్కను అది పూచిన వేళకు, కాచిన వేళకు మరల వెదకి తేవలెను. పూత ఒక ఋతువున, కాయ మరియొక ఋతువున. ఒక చెట్టు రెండింటిని చూచుటకు ఒక్కొకప్పుడు ఏడాదంతయు పట్టును. ముప్పదియారేండ్ల వయసున, పరదేశమున, పటాలపు వైద్యము చేసికొనుచు, ఆయన మొదటినుండి ఆరంభించెను.

1789లో కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు తమ వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. కోనిగ్ తరువాత ఆ పదవి వహించిన ప్యాట్రిక్ రస్సెలు స్వదేశమునకు పోవుటచే అది ఖాళీ అయినది. మన విషసర్పములనుగూర్చి గ్రంథము వ్రాసిన రస్సెలు ఆయనయే. ఈ పదవితో రాక్స్‌బర్గు ఈ దేశపు చిత్రకారులను నియోగించి మొక్కల బొమ్మలు వ్రాయించుట మొదలిడెను. ఎండిన మొక్కకు రంగు పోవును, పువ్వు ముడుచుకొనును. బొమ్మలో అవి నిలుచును. 1794 నాటికి ఐదువందల బొమ్మలు లండనునకు చేరెను. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్సు వానిలోనుండి 300 ఏరి, కోరమాండల్ తీరపు మొక్కలు అను పేరుతో మూడు సంపుటములుగా 1795 మొదలు 1820 వరకు అచ్చువేయించెను.

ఆ బొమ్మల రీతి చెప్పుకొనదగినది. నడుమ కొమ్మ, ఆకు, పూత ఉన్నవి ఉన్నంత పరిమాణమున ఉండును. క్రింద ఒక ప్రక్క పువ్వును విప్పి, దాని అంగములను వేరువేరుగా, పెద్దవిగా చేసి చూపుదురు. మొగ్గను కప్పి కాచు రక్షకపత్రములు. రంగుతోను వాసనతోను తుమ్మెదను పిలుచు ఆకర్షకపత్రములు. పుప్పొడి మోయు కేసరములు. నడుమ అండకోశము, దానిమీద కీలము, కీలము కొనను పుప్పొడిని పట్టు జిగురుముఖము. పిదప కాయ, కాయను కోసిన అడ్డుకోత, అందలి విత్తు, విత్తులోని మొలక. ఒక పువ్వును ఇన్ని ముక్కలుగా చూడవచ్చునని మన పిల్లలకు నేడు ఏడవ తరగతిలో తెలియును. ఆ కాలమున పండితులకే కొన్ని సంగతులు తెలియవు. ఎండలో ఆకుపచ్చని ఆకు ప్రాణవాయువును వదలునని ఇంగెన్‌హౌస్ 1779లో, అనగా రాక్స్‌బర్గు మదరాసులో నుండగా, ప్రకటించెను. పువ్వునకు తేనెటీగతో ఏమి పనియో విపులముగా చూపిన స్ప్రెంగెలు గ్రంథము 1793లో జర్మనీలో వెలువడెను. సామర్లకోటలో పువ్వులు విప్పి కేసరములు లెక్కించుచున్న మనిషి, కేసరములు ఏమి చేయునో లోకము అప్పుడప్పుడే నేర్చుకొనుచున్న కాలమువాడు.

అయినను కొన్ని పాఠములు మనవారికి పుస్తకము లేకయే తెలియును. ఆ సంపుటములలో తాటిచెట్టు రెండు బొమ్మలుగా ఉన్నది. తాటిచెట్లలో మగవి వేరు, ఆడవి వేరు. పోతుతాడి, పెంటితాడి అను మాటలు లినేయసు పుట్టకమునుపే మన భాషలో ఉన్నవి. పోతుతాడి కాయదు, పుప్పొడి ఇచ్చుట దాని పని. గీతగాడు రెండింటి గెలలను చివర కోసి కుండ కట్టును. ఆకులలో వండిన చక్కెర పూతకు పోవు దారిలో అడ్డగించి పట్టినదే ఆ కల్లు, కాచినచో తాటిబెల్లము. ముంజె అనగా ఇంకను గట్టిపడని విత్తనపు ఆహారము. మొలకకు తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట. టెంక నేలలో మొలచినప్పుడు, తేగలని కొన్ని తావుల, గేగులని కొన్ని తావుల పిలుచు ఆ తినుబండము తయారగును. అప్పుడు టెంక పగులగొట్టినయెడల లోపల తియ్యని మెత్తని గుంజు ఉండును. అది మొలక తన ఆహారమును పీల్చుకొను అంగము. మన పిల్లలు దానిని బడికి పోవు దారిలో తిందురు గాని, అది బీజదళమని ఎరుగరు. నేనును చాలకాలము వారికి చెప్పలేదు.

విత్తుల విషయమున ఆ గ్రంథమున ప్రక్కప్రక్కనే ఉన్న రెండు చెట్లు నాకు మిక్కిలి ఇష్టము. ఒకటి ముష్టి, రెండవది చిల్లచెట్టు. రెండును ఒకే జాతివి, స్ట్రిక్నాసు. ముష్టిగింజ ప్రాణము తీయు విషము; పసరము తన్ను తినకుండ విత్తు కట్టుకొన్న కవచము. చిల్లగింజను కుండ లోపలిగోడకు అరగదీసి బురదనీరు పోసినచో, గింజలోని పదార్థము మట్టిరేణువులను ఒండొంటికి అంటించి అడుగునకు దింపును; నీరు తేటపడును. పటాలములు బస చేయుచోట వానకాలపు నీటిని ఇట్లు తేర్చుకొనుట ఒక వైద్యునికి ఎంత ఉపయోగమో ఊహింపవచ్చును. ఆ సంపుటములలో మొట్టమొదటి బొమ్మ తణుకుచెట్టుది. దాని కాయకు రెండు రెక్కలుండును. కొమ్మనుండి తెగినప్పుడు గిరగిర తిరుగుచు గాలిలో దూరముగా పోయి పడును. తల్లిచెట్టు నీడనే పడినచో మొలకకు వెలుతురు దక్కదు గదా. దాని తేలికైన మ్రానుతో జాలరులు కట్టుమ్రాకులు కట్టెడివారు.

ఆకులలో అంకుడు, బెరడులో సోమిద చెప్పవలెను. అంకుడు కర్రతో ఏటికొప్పాకవారు లక్కబొమ్మలు చేయుదురు. దాని ఆకులనుండి నీలిమందు తీయవచ్చునని రాక్స్‌బర్గు కాచి చూపెను. ఆ లక్కపురుగును గూర్చియు ఆయన సామర్లకోటనుండి వ్రాసిన వ్యాసము 1791లో అచ్చయినది. సోమిద మాను బెరడు చేదు. చలిజ్వరమునకు దక్షిణ అమెరికానుండి తెచ్చు సింకోనా బెరడునకు బదులు దీనిని వాడవచ్చునని ఆయన ఆశించి, బెరడును ఎడింబరోకు పంపి పరీక్షింపజేసెను. బెరడు చెట్టునకు చర్మము; దాని చేదు పురుగునకు నిషేధము. మనకు ఆ చేదు ఔషధముగా కొంత పనికివచ్చినను, క్వినైను వంటి శక్తి అందు లేదు. ఆ ఆశ ఫలింపలేదనియే చెప్పవలెను. కాని 1830లో ఆడ్రియన్ జుస్సియూ అను ఫ్రెంచి పండితుడు ఆ చెట్టునకు కొత్తగా జాతినామము పెట్టవలసి వచ్చినప్పుడు, తెలుగు పేరునే తీసికొని సోయ్‌మిడా అనెను. మన కొండలలోని కట్టెలు కొట్టువాని నోటిమాట అట్లు లోకమంతట శాస్త్రనామమయినది.

1791, 1792 సంవత్సరములలో వానలు లేక ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. రాక్స్‌బర్గు తన కొలతలలో వాన తగ్గుట చూచెను, దారిలో మనుష్యులు పడిపోవుటయు చూచెను. కోరంగి దగ్గర ఇసుకనేలలలో చిట్టీత అను పొట్టి ఈతచెట్టు కలదు. దాని కాండము నడుమ పిండివంటి దవ్వ ఉండును. కాండము బరువు మోయుట, నీరు మోయుటయే కాక, పూతకాలమునకై ఆహారమును నిలువచేయుటయు కలదు. పేదవారు ఆ దవ్వను దంచి, జల్లించి, జావ కాచుకొని త్రాగిరి. కొంచెము చేదు, సగ్గుబియ్యమంత బలము లేదు. కాని దానివలన చాలమంది ప్రాణములు నిలిచినవని ఆయన వ్రాసెను. ఆ చెట్టునకు పిండినిచ్చు ఈత అను అర్థముగల లాటిను పేరు పెట్టెను. ఆయన పెట్టిన పేర్లన్నిటిలో నన్ను కదల్చినది ఇదియే. కరవు మరల వచ్చునని, రోడ్ల ప్రక్కను గట్లమీదను తాడి, కొబ్బరి, ఈత, పనస వంటి ఆహారవృక్షములు నాటవలెనని ఆయన కంపెనీవారికి వ్రాసెను.

ఇచ్చట ఒక మాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. కంపెనీవారు ఆయనకు జీతమిచ్చినది పేదల జావకొరకు కాదు. ఏ వేరు రంగు నిచ్చును, ఏ కాండము చక్కెర నిచ్చును, ఏ నార త్రాడగును, ఏది ఓడకెక్కించి అమ్మవచ్చును అనునదియే వారి ప్రశ్న. రాజమహేంద్రవర ప్రాంతమున మన రైతు చెరకు నాటి, ఆకు చుట్టి, గానుగ ఆడి, బెల్లము వండు విధమును ఆయన అడుగడుగున వర్ణించినది కూడ ఆ ప్రశ్నకు సమాధానముగానే. రైతు చెప్పిన విద్యకు రైతునకు ఏమియు ముట్టలేదు. కాని ఆ లాభపు ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానములలో ప్రశ్నకు మించినది ఎంతో ఉన్నది. పైసాకు కొరగాని కలుపుమొక్కకును ఆయన అదే శ్రద్ధతో కేసరములు లెక్కపెట్టెను. మొక్క మొక్కకు తెలుగు పేరును విచారించి వ్రాసెను. మన పల్లెపేర్లు కొన్ని రెండువందల యేండ్ల క్రింద ఎట్లు పలికెడివో తెలియుటకు ఆ గ్రంథము నేడొక ఆధారము.

1793లో కలకత్తా దగ్గర శిబ్‌పూరులోని కంపెనీ వృక్షోద్యానము నెలకొల్పిన రాబర్టు కిడ్ మరణింపగా, రాక్స్‌బర్గును అచ్చటికి పిలిచిరి. ఇరువదియేండ్లు ఆ తోటను నడపెను. జనుము, జనపనార మొదలగు నారలను త్రాళ్ళుగా పేని, బరువులు వ్రేలాడదీసి, నీటిలో నాననిచ్చి, ఏది ఎంత మోయునో పరీక్షించెను. ఈ నార మొక్కకు కాండపు తొక్కలోని ఎముకవంటిది. గాలికి వంగియు విరుగకుండ నిలుపునది. లండనులోని ఆర్ట్స్ సొసైటీవారు ఆయనకు మూడుమార్లు స్వర్ణపతకము నిచ్చిరి. తోటలోని మొక్కల పట్టికను శ్రీరామపురపు క్రైస్తవ పండితుడు విలియం కేరీ 1814లో అచ్చువేసెను. అందు సుమారు 3500 జాతులున్నవి. బొమ్మలు రెండువేల ఐదువందలు దాటెను. వాని ప్రతులు నేటికిని కలకత్తాలోను, లండను దగ్గర క్యూ తోటలోను భద్రముగా నున్నవి.

ఆరోగ్యము చెడి 1813లో ఆయన కలకత్తా విడిచెను. దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున కొన్ని నెలలు ఆగవలసి వచ్చెను. విశ్రాంతికి ఆగిన మనిషి అచ్చటి మొక్కలకును పట్టిక వ్రాసెను! 1815లో ఎడింబరోలో మరణించెను. ఆయన జీవితమంతయు కూర్చిన భారతదేశపు మొక్కల మహాగ్రంథము ఫ్లోరా ఇండికా అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు. కేరీయు, వాలిచ్ అను వృక్షశాస్త్రజ్ఞుడును 1820లో కొంత, 1824లో కొంత ప్రకటించిరి. 1832లో కేరీ మూడు సంపుటములుగా ముద్రించెను. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనను పిలుచుట వాడుకయైనది.

పితామహుని పేరు నిలిచినది గాని, ఆ బొమ్మలు వ్రాసిన చేతుల పేర్లు కోరమాండల్ సంపుటములలో లేవు. పువ్వును విప్పి, వెండ్రుకవంటి కేసరమును కుంచెమొనతో నిలిపిన చిత్రకారులు, చిరివేరు గుట్టు చెప్పిన రంగులవారు, చిట్టీత చూపిన పల్లెవారు ఎవరో ఆ పుటలు చెప్పవు. తరువాతి తరమున మదరాసులో రాబర్టు వైట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు తన చిత్రకారులైన రంగయ్య, గోవిందుల పేర్లు తన గ్రంథములలో అచ్చువేసెను; ఒక మొక్కజాతికి గోవిందూయియా అని గోవిందు పేరు కూడ పెట్టెను. రాక్స్‌బర్గు ఆ మర్యాద చేయకపోవుట ఆయన జీవితమున నాకు కనబడు లోపము.

చిరివేరు కథ 1868తో మారిపోయినది. ఆ యేడు జర్మనీలో గ్రేబె, లీబెర్‌మన్ అను ఇద్దరు రసాయనజ్ఞులు, వేరులోని ఆ ఎర్రని ద్రవ్యమునే, అలిజరిను అనుదానిని, తారునుండి తయారుచేసిరి. కొద్ది సంవత్సరములలో డబ్బాలలో రంగు వచ్చెను. తీరమున వేళ్ళు త్రవ్వువారి బ్రతుకుతెరువు పోయెను. మొక్క మాత్రము పోలేదు. వానలు వెలిసిన పిదప ఆ బాలుని సరస్సు ఒడ్డునకు తీసికొనిపోయి, ఇసుకలో ఒక చిరివేరు మొక్కను చూపితిని. భూతద్దము క్రింద పువ్వును చూచి నాలుగు రేకులు, నాలుగు కేసరములు అని వాడే లెక్కపెట్టెను. వేరు ఎంత పొడవో చూడవలెనని త్రవ్వనారంభించెను. మోచేతిలోతు పోయినను చివర దొరకలేదు.